నాలుగు నెలల పది రోజుల పాఠశాల

మా అబ్బా గారు 2024 జూన్ మొదటి వారంలో అల్లాహ్ పిలుపు అందుకున్నారు. కువైట్ నుంచి మేము విజయవాడ చేరేసరికి ఖనన కార్యక్రమం ముగిసింది. మావారు పది రోజులుండి ఉద్యోగ నిమిత్తం తిరిగి వెళ్ళిపోయారు. నేనూ పిల్లలూ మాత్రం వించిపేటలోని మా పుట్టింట్లోనే ఉండిపోయాం. భర్తను కోల్పోయిన స్త్రీకి ధర్మం నిర్ణయించిన ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ గడువు ముగిసేదాకా అమ్మను ఒంటరిగా విడిచి వెళ్ళడానికి నా మనసు ఒప్పుకోలేదు.

జూన్ నుంచి ఆగస్టు వరకు కువైట్‌లో బడులకు వేసవి సెలవులు. మిగిలింది నెలన్నర. ఆ నెలన్నర పాఠాలను ఇంటివద్దే పూర్తి చేయిస్తానని రాసి ఇచ్చిన మీదట బడి యాజమాన్యం అంగీకరించింది. అప్పటికి మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఏడేళ్ళు. ఇద్దరి పరిసరాల విజ్ఞానం పుస్తకాలలోనూ ‘మన దేశం’ అనే పాఠం ఉంది. పటం, జెండా, జాతీయ పక్షి, జాతీయ జంతువు, కింద ఖాళీలు పూరించే ప్రశ్నలు. పిల్లలిద్దరూ ఆ ఖాళీలను ఒక్క తప్పు లేకుండా పూరించగలరు. కానీ ఆ దేశంలో తాము నిలబడి ఉన్నామన్న స్పృహ వారిలో నాకు కనిపించలేదు. నెమలి ఎంత దూరమో, నానీ ఇల్లూ వారికి అంతే దూరం.

గల్ఫ్ దేశాలలో బిడ్డలను పెంచుతున్న తల్లిదండ్రులందరికీ ఈ దూరం పరిచితమే. మా పిల్లలు పుట్టింది కువైట్‌లో. కానీ అక్కడ పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం లభించదు. తండ్రి ఉద్యోగం ఉన్నంతకాలమే నివాసానుమతి. వారి చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. ఏనాటికైనా వారు తిరిగి రావలసిన నేల ఇదే. తిరిగి వచ్చిననాడు ఈ నేల వారికి పరాయిదిగా తోస్తే ఆ నష్టాన్ని పూడ్చేవారెవరు? సెలవుల్లో మూడు వారాలు వచ్చి, బంధువుల ఇళ్ళలో విందులు ఆరగించి, బట్టలు కొనుక్కుని వెళ్ళే ప్రయాణాలలో దేశం కనబడదు. విషాదం వల్లనే అయినా అల్లాహ్ మాకు నాలుగు నెలల వ్యవధి ప్రసాదించాడు. దానిని వృథా చేయరాదని సంకల్పించుకున్నాను.

పద్ధతి చాలా సులువుగా ఏర్పడింది. ఇద్దత్‌లో ఉన్న అమ్మ గడప దాటదు. పిల్లలు దాటగలరు. కాబట్టి ఉదయం లెక్కలు, భాషలు; ఆ తర్వాత నాతోనో, మా తమ్ముడితోనో బయటకు వెళ్ళి ఏదైనా ఒక్క విషయం చూసి రావాలి. అస్ర్ నమాజు తర్వాత నానీ ముందు కూర్చుని చూసినదంతా చెప్పాలి. నానీ ప్రశ్నలు వేస్తుంది. జవాబు తెలియకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళి కనుక్కుని రావాలి. ఆమె ఏ బడిలోనూ చదవలేదు. అయినా అంత కచ్చితమైన పరీక్షాధికారిని నేను చూడలేదు. “బారేజీ చూశాం” అంటే సరిపోదు. “ఎన్ని గేట్లు? ఎన్ని తెరిచి ఉన్నాయి? నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?” అని అడిగేది.

ఆ ప్రశ్నలకు కారణముంది. మా అబ్బా బందరు కాలువ మీద ముప్ఫై ఏళ్ళకు పైగా లస్కరుగా పనిచేశారు. లాకుల దగ్గర నీటిమట్టం చూడడం, తూముల తలుపులు ఎత్తడం దించడం, గట్టు ఎక్కడైనా కోసుకుపోతే పైవారికి కబురు చేయడం ఆయన విధి. ఎగువ రైతు ఎక్కువ నీరు మళ్ళించుకుంటే దిగువ రైతు మడి ఎండుతుంది. ఆ తగవులో రాత్రివేళ లాంతరు పట్టుకుని గట్టు వెంట నడిచేవాడు లస్కరు. మా పిల్లలకు వారి నానా ఫోనులో సలాం చెప్పే ఒక ముఖం మాత్రమే. ఆయన పని ఏమిటో వారికి తెలియదు. దేశాన్ని బోధించడం ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నాకు అక్కడే సమాధానం దొరికింది. నీటితో మొదలుపెట్టాను.

కువైట్‌లో నది లేదు. కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిని శుద్ధి చేసి ఉప్పు తీసిన నీరు. నీరంటే యంత్రం నుంచి వచ్చేదని నమ్మే పిల్లలను ప్రకాశం బారేజీ మీదికి తీసుకువెళ్ళాను. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట గురించి, దాని స్థానంలో 1957లో నిర్మాణం పూర్తయిన ఈ బారేజీ గురించి, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దానికెందుకు పెట్టారో చెప్పాను. 70 గేట్లనూ మా అమ్మాయి వేలితో లెక్కపెట్టింది. ఎడమ వైపు బయలుదేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు, అవతలి ఒడ్డున గుంటూరు వైపు వెళ్ళే కాలువ కలిసి సుమారు 13 లక్షల ఎకరాలను తడుపుతాయి. జూన్‌లో కాలువ అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు కనిపించాయి. జూలైలో నీరు వదిలినప్పుడు పిల్లలు మళ్ళీ వెళ్ళారు. నిండుగా పారుతున్న కాలువను చూసి వచ్చి నానీకి చెబుతుంటే ఆమె కళ్ళు తుడుచుకుంది. నీరు వదిలే రోజున అబ్బా ఇంటికి భోజనానికి కూడా వచ్చేవారు కాదట.

డాబా మీద సుద్దముక్కతో కృష్ణానదిని గీశాం. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటక, తెలంగాణల మీదుగా మన రాష్ట్రానికి వచ్చి, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే నది. దారిలో ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్. వాన కురిసి గీతలు చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసేవారు. మూడోసారికి పుస్తకం చూడవలసిన అవసరం లేకపోయింది. జూలై చివర శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త వినగానే మా అబ్బాయి పరుగున డాబా ఎక్కి ఆ చోట గుండ్రంగా గుర్తు పెట్టాడు. ఎక్కడో మరాఠీ మాట్లాడేవారి కొండల్లో కురిసిన వాన, కన్నడ రైతుల పొలాల పక్కనుంచి సాగి, మన ఇంటి ముందు కాలువలోకి వస్తుందన్న సంగతి వాడికి పటంలోని రంగుల కంటే బాగా అర్థమైంది. పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీరు కూడా ఇక్కడికే వస్తుందని తెలిశాక, “అయితే మనం రెండు నదులు తాగుతున్నామా?” అని అడిగాడు. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధను కువైట్‌లో ఎన్నోసార్లు చెప్పాను. నది ఒడ్డున నిలబడ్డాక దానిని మళ్ళీ వివరించవలసిన అవసరం రాలేదు.

రెండో పాఠం మాటలు. బడిలో నేర్చుకున్న అరబీ వల్ల పిల్లలకు ఖరీఫ్ అంటే శరదృతువని, రబీ అంటే వసంతమని తెలుసు. కంకిపాడు దగ్గర నాట్లు వేస్తుండగా ఒక రైతు “ఇది ఖరీఫు పంట” అన్నప్పుడు ఇద్దరూ ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల వేట మొదలైంది. హక్కు, ఖాళీ, తారీఖు, జవాబు, అసలు, వకీలు, తహసీల్దారు. ‘రైతు’ అన్న మాట కూడా అరబీ మూలం నుంచి వచ్చిందేనని చెబితే మొదట నమ్మలేదు. ‘లస్కరు’ అన్న మాట పారశీకంలో సైన్యాన్ని సూచించే పదం నుంచి వచ్చిందని తెలిశాక, తమ నానాను కాలువ కాపలా కాసిన సిపాయిగా ఊహించుకుని మురిసిపోయారు. భాషలు ఒకదాని ఇంట్లో ఒకటి ఎంతకాలంగా కాపురం ఉంటున్నాయో వారికి చెప్పడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

మూడో పాఠానికి పది రూపాయల నోటు చాలింది. నోటు వెనుక వైపు చిన్న పట్టీలో 15 భాషల్లో దాని విలువ రాసి ఉంటుంది. చివరి రెండు వరుసలలో ముందు తెలుగు, దాని కింద ఉర్దూ. మా ఇంటి రెండు భాషలూ ఒకదాని పక్కన ఒకటి! పిల్లలు ఆ నోటును పట్టుకుని నానీ దగ్గరకు పరిగెత్తారు. అమ్మ ఉర్దూ చదవగలదు. తెలుగు బందరు యాసలో అనర్గళంగా మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. కింది వరుస ఆమె చదివింది, పై వరుస మా అబ్బాయి కూడబలుక్కుని చదివాడు. 1961లో దీనారు వచ్చేదాకా కువైట్‌లోనూ చెలామణి అయింది రూపాయే అని, 1959 నుంచి గల్ఫ్ ప్రాంతం కోసం మన రిజర్వు బ్యాంకు విడిగా నోట్లు ముద్రించిందని నేను చెప్పాను. ఆ రెండు దేశాలూ వారి మనసులో మొదటిసారి ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి.

జూలైలోనే ఒక సాయంత్రం మా అబ్బాయి ఆట మధ్యలో ఇంటికి వచ్చేశాడు. వీధిలో పిల్లలు “మీదే దేశం?” అని అడిగారట. వాడి తెలుగు తడబాటు విని అడిగి ఉంటారు. కువైట్ అంటే, “అయితే మీరు అరబ్బులా?” అన్నారట. ఇండియా అంటే, “మరి ఇక్కడ ఉండవుగా” అన్నారట. “అమ్మీ, నేను ఏమని చెప్పాలి?” అని అడిగాడు. అడిగినవారిది ద్వేషం కాదు, పసితనపు కుతూహలం. కానీ ఈ ప్రశ్న ఇదే చివరిసారి కాదని, పెద్దయ్యాక ఇంతకంటే కఠినంగా ఎవరైనా అడగవచ్చునని నాకు తెలుసు. పాస్‌పోర్టు చూపిస్తే అధికారి ఊరుకుంటాడు, మనసు ఊరుకోదు. నేను జవాబు వెతుక్కుంటుండగా అమ్మ జపమాల పక్కన పెట్టి అంది: “ముందు ఈ వీధిలో పది ఇళ్ళవాళ్ళ పేర్లు చెప్పరా నాన్నా. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏం పని చేస్తారో తెలుసుకుని రా. దేశం సంగతి తర్వాత చూద్దాం.”

వాడికి వారం పట్టింది. కుట్టుమిషను మీద లంగాలు కుట్టే ఆమె, రైల్వేలో పనిచేసి విరమించిన తాత గారు, తెల్లవారుజామున ఇడ్లీ బండి తోసుకువెళ్ళే దంపతులు, శ్రీకాకుళం నుంచి వచ్చి తాపీ పని చేసే కుటుంబం, మా మసీదు ముఅజ్జిన్ గారి ఇల్లు, ఉదయాన్నే ముగ్గు వేసే టీచరమ్మ. పది ఇళ్ళ కోసం వెళ్ళినవాడు పద్నాలుగు ఇళ్ళ వివరాలతో వచ్చాడు. పొరుగువారి హక్కుల గురించి ఇస్లాం ఎంత నొక్కి చెప్పిందో మనమందరం ఎరుగుదుం. కానీ పొరుగువాడి పేరు తెలియకుండా అతని హక్కు తీర్చడం ఎలా? మానవులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని హుజురాత్ సూరా బోధిస్తుంది. తెలుసుకోవడమంటే తలుపు తట్టడమేనని మా అబ్బాయి ఆ వారంలో గ్రహించాడు. వీధిలో వాడిని మళ్ళీ ఎవరూ ఏ దేశమని అడగలేదు. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

ఆగస్టు 15 వచ్చింది. మా తమ్ముడు అందరినీ బందరు రోడ్డు మీదుగా తీసుకువెళ్ళాడు. జాతీయ పతాక రూపకర్తగా మనం స్మరించే పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు ఈ డెల్టా పల్లెల్లోనిదే. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు ఆయన తన జెండా నమూనాను గాంధీజీకి అందించారు. అది మార్పులు చెంది, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదంతో నేటి జెండా అయింది. బడిలో రంగులు నింపిన కాగితపు జెండాకు ఒక ఊరు, వరిచేలు, ఇంటి పేరు ఉన్నాయని పిల్లలు ఆ రోజు చూశారు.

అక్కడినుంచి మచిలీపట్నం, ఆపైన పెడన. కరక్కాయ, పాల మిశ్రమంలో ముంచి ఆరవేసిన బట్ట మీద టేకు అచ్చులతో అద్దుతున్న కలంకారీ పనివారి దగ్గర రెండు గంటలు నిలబడ్డాం. నల్లరంగు బెల్లం, తుప్పు ఇనుము ఊరవేస్తే వస్తుందని తెలిసి మా అమ్మాయి ఆ కుండలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది. ‘కలం’, ‘కారీ’ రెండూ పారశీక పదాలే. ఈ బట్టలు ఒకప్పుడు ఇరాన్ దాకా ఓడలలో వెళ్ళాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇదే బందరు రేవు నుంచి ఎర్ర సముద్ర తీరానికి ఓడలు నడిచేవి. వాటిలో హజ్ యాత్రికులు కూడా ప్రయాణించేవారు. మనవారు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్ళడం నూనె బావులతో మొదలు కాలేదని పిల్లలకు చెప్పడానికి అది తగిన చోటు.

సెప్టెంబరు 1న మేము రాసుకున్న పాఠ్య ప్రణాళిక అంతా ఆగిపోయింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. కృష్ణలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి బారేజీ చరిత్రలోనే అత్యధిక స్థాయికి చేరింది. కొట్టుకువచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. పిల్లలు లెక్కపెట్టిన ఆ గేట్లే! రాజరాజేశ్వరిపేటలో ఉంటున్న మా ఖాలా కుటుంబాన్ని, పేరు కూడా చెప్పని యువకులు పడవలో తీసుకువచ్చి ఒడ్డుకు చేర్చారు. ఆరుగురు మా ఇంట్లో పన్నెండు రోజులున్నారు. మా వీధివారంతా కలిసి పొట్లాలు కట్టారు. మసీదు ముందు పెద్ద డేగిసాలలో అన్నం ఉడుకుతుంటే, టీచరమ్మ ఇంటి నుంచి పులిహోర వచ్చింది. ఇడ్లీ బండి దంపతులు తమ బండినే ఇచ్చేశారు. ఏ ఇంట్లో పసిపిల్లలున్నారో, ఏ ఇంటి గిన్నెలు పెద్దవో పెద్దలకు చెప్పినవాడు మా అబ్బాయి. పద్నాలుగు ఇళ్ళూ వాడికి కంఠస్థం కదా.

ఖాలా మనవరాలి పాఠ్యపుస్తకాలు బురదలో నానిపోయాయి. మా అమ్మాయి, ఆ పిల్ల డాబా మీద ఒక్కొక్క పుట విడదీసి గులకరాళ్ళు పెట్టి ఆరబెట్టారు. ఆ పుస్తకంలోనూ భారతదేశ పటం ఉంది. ముడతలు పడి, అంచున మట్టి మరకతో. ఆ పుట మీద రాయి కాస్త జాగ్రత్తగా పెట్టమని మా చిన్నది చెప్పడం విన్నాను.

పిల్లల ప్రశ్నలన్నీ తేలికైనవి కావు. బుడమేరు గట్టు ఎందుకు తెగింది, కాలువలో చెత్త ఎందుకు వేస్తారు, కరెంటు ఎందుకు పోతుంది, కువైట్‌లో ఇలా ఉండదు కదా అని అడిగేవారు. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ‘ఈ దేశం ఇంతే’ అని పెదవి విరిస్తే పిల్లవాడు ప్రేక్షకుడవుతాడు. ‘మన దేశమే గొప్పది’ అని లోపాలను దాచిపెడితే కళ్ళెదుట ఉన్నదానిని నమ్మవద్దని నేర్పినట్టవుతుంది. నేను వారికి ఒక్క మాటే చెప్పాను: మన ఇంట్లో కప్పు కారితే ఇల్లు మంచిదా చెడ్డదా అని చర్చించం, గిన్నె పెట్టి, ఆపైన కప్పు బాగుచేయిస్తాం. ప్రేమించినవాడికే బాగుచేయవలసిన బాధ్యత కూడా.

అక్టోబరు మొదట్లో హంసలదీవి వెళ్ళాం. సుద్దముక్కతో ఎన్నోసార్లు గీసిన గీత చివరి కొన ఎదురుగా ఉంది. మట్టిరంగు నీరు నీలిరంగులో కలిసిపోతోంది. అబ్బా తలుపులు ఎత్తి వదిలిన నీటిలో పొలాలు తాగగా మిగిలింది ఇక్కడికే వచ్చి ఉంటుంది. మా అమ్మాయి చాలాసేపు చూసి, ఈ సముద్రం మన కువైట్ దాకా ఉందా అని అడిగింది. ఉందన్నాను. వారం తర్వాత అమ్మ ఇద్దత్ పూర్తయింది. మాతో కువైట్ రమ్మని ఎంత బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. “నాకు కాలువ కనబడాలి” అంది. ఎవరమూ మారు మాట్లాడలేదు.

తిరిగి వెళ్ళాక పరీక్షలో పిల్లలకు వచ్చిన మార్కులు మామూలువే. కానీ ప్రతి శుక్రవారం నానీతో మాట్లాడేటప్పుడు కాలువలో నీరెంత ఉంది, కోతలు మొదలయ్యాయా, టీచరమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని పేరుపేరునా అడుగుతారు. “మనం ఎప్పుడు వెళ్ళి అక్కడే ఉంటాం?” అని మా అబ్బాయి తండ్రిని అడిగాడు. మావారి దగ్గర ఇంకా జవాబు లేదు. ఆ ప్రశ్న వాడి నోట వచ్చిందన్నదే మాకు చాలు.

పరాయి గడ్డపై బిడ్డలను పెంచుతున్న సోదరీమణులారా! ఈసారి స్వదేశానికి వచ్చినప్పుడు కొన్ని రోజులైనా పిల్లల కోసం కేటాయించండి. మీ ఊరి నీరు ఎక్కడినుంచి వస్తుందో చూపించండి. వారి తాత ఏ పని చేసి కుటుంబాన్ని పోషించారో, ఆ పని జరిగిన చోటికి తీసుకువెళ్ళండి. చూసినదంతా ఇంట్లోని వృద్ధులకు వారి నోటితో చెప్పించండి. అది పెద్దలకు సాంత్వన, పిల్లలకు చదువు. పది ఇళ్ళ పేర్లు నేర్పించండి. మా అబ్బా గారిని, మన పెద్దలందరినీ అల్లాహ్ క్షమించుగాక! మన బిడ్డలు ఎక్కడ ఉన్నా తమ పొరుగువారికి మేలు చేసేవారుగా ఎదిగే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.